గడ్డం గీసుకున్న తరువాత

ముఖారోగ్యం అనే మాట కనిపించగానే, ఇదేదో ఆడవాళ్ళ సంగతి అని మగవాళ్ళు పేజీ తిప్పేస్తారు. ఈ వారం మాత్రం వాళ్ళు కాస్త ఆగాలి. అనకాపల్లి నుంచి ఒక సోదరి రాసిన వుత్తరం నా ముందు వున్నది. దానికి జవాబు ఆమె ఒక్కరికే చెప్పి వూరుకోదగినది కాదు.

ఆమె భర్త బెల్లం వ్యాపారి దగ్గర గుమాస్తా. సీజనులో తెల్లవారేసరికి మార్కెట్టు యార్డులో వుండాలి. దిమ్మల బళ్ళు దిగడం, వేలం పాట, కాటా, లెక్క - అంతా అయ్యేసరికి యెండ నడినెత్తికి వస్తుంది. పదిమందిలో తిరిగే వుద్యోగం కనుక రోజూ గడ్డం గీసుకోక తప్పదు. గీసుకున్న గంటకల్లా ముఖం మంట. దానిమీద చెమట పట్టిందంటే కారం రాసినట్టే. మెడమీద యెర్రటి పొక్కులు. యెవరో స్నేహితుడు చెప్పగా మందుల దుకాణంలో ఒక ట్యూబు కొని రాస్తున్నారట. "రాసిన రోజున చంటిపిల్లవాడి బుగ్గల్లా వుంటున్నాయి. రెండు రోజులు మానితే మంట రెట్టింపవుతున్నది. ఆరు నెలలనుంచి ఇదే వరస. ఇప్పుడు బుగ్గలమీద దారాల్లాగా సన్నటి యెర్రటి నరాలు కనిపిస్తున్నాయి. అంతకంటే మంచి క్రీము యేదైనా వుంటే చెప్పగలరా?" అని ఆమె ప్రశ్న.

ఇంకొక క్రీము పేరు చెప్పడం తేలికే. కాని ఆ సన్న నరాల మాట చదివాక అలా చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ ట్యూబు సంగతి తప్పకుండా చెబుతాను. అది తెలియాలంటే ముందు కత్తి మన చర్మాన్ని యేం చేస్తుందో తెలియాలి.

మన చర్మానికి అన్నిటికన్నా పైన ఒక పల్చని పొర వున్నది. కాగితంకంటే పల్చన. అందులోని కణాలన్నీ ప్రాణం లేనివే. పెంకుటింటి కప్పుమీద పెంకుల్లాగా ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు వుంటాయి. పెంకుల మధ్య సందుల్లో సున్నం మెత్తినట్టు ఒక విధమైన కొవ్వు పదార్థం వుంటుంది. ఈ కప్పు చేసే పనులు రెండు. లోపలి నీటిని బయటికి ఆవిరైపోనివ్వదు. బయటి మలినాన్ని లోపలికి రానివ్వదు. బ్లేడు ఆడించినప్పుడు వెంట్రుకలొక్కటే తెగిపడతాయని మనం అనుకుంటాం. వాటితోపాటు ఈ పెంకులు కూడా అక్కడక్కడా లేచిపోతాయి. సబ్బు నురుగు సందుల్లోని జిడ్డును కడిగేస్తుంది. పైగా చర్మం సహజంగా కొద్దిపాటి పులుపు గుణం కలది. మామూలు సబ్బు క్షార గుణం కలది. ఒకదానికొకటి పడదు.

ఇప్పుడు చూడండి. కప్పు చెదిరిన ఇంట్లోనుంచి తేమ పైకి పోతుంది. అందుకే గడ్డం గీసుకున్న కాసేపటికి చెంపలు బిగుసుకున్నట్టు వుంటాయి. ఆ సందుల్లోనుంచే చెమటలోని వుప్పు, అత్తరు, దుమ్ము లోపలికి దిగుతాయి, అందుకే మంట. కనుక గడ్డం గీసుకున్న తరువాత చేయవలసినవి రెండే పనులు. మంటను చల్లార్చడం ఒకటి; కప్పు మళ్ళీ అతుక్కునేదాకా తడి పోకుండా కాపాడడం రెండోది. బజారులో అమ్మే సీసాల్లో చాలా వాటికి మొదటి పని వచ్చినట్టు రెండోది రాదు. కొన్నిటికి మొదటిది కూడా రాదు.

గీసినచోట చల్లనిది రాయాలన్న సంగతి మనవాళ్ళకు కొత్తగా యెవరూ చెప్పనక్కరలేదు. తిరుపతిలో గుండు చేయించుకున్న పసివాడి నెత్తికి తల్లి గంధం పూయడం చూడని తెలుగువారు వుండరు. ఆ గంధంలో తడి మెల్లిగా ఆవిరి అవుతూ వేడిని లాగేస్తుంది. అనకాపల్లివారికి సింహాచలం దగ్గరే కనుక గంధం చలవ సంగతి వేరే చెప్పాలా? అక్కడి స్వామి యేడాది పొడవునా చందనం పూతలోనే వుండి, ఒక్క అక్షయ తృతీయనాడు మాత్రమే నిజరూపంతో దర్శనమిస్తాడు. ఇంత తెలిసినవాళ్ళం నెత్తిమీద కత్తిపడితే గంధం తీస్తాం గాని, రోజూ చెంపమీద కత్తి పడుతుంటే మాత్రం ఓ చెంబెడు నీళ్ళు కొట్టుకుని చొక్కా తొడుక్కుంటాం!

అయితే గంధాన్ని చెంపలమీద పూర్తిగా యెండి పగిలేదాకా వుంచకూడదు. యెండిపోయిన గంధం చర్మంలోని తడిని కూడా లాగుతుంది. పచ్చిగా వుండగానే కడిగెయ్యాలి. పొడి డబ్బాల్లో వచ్చేదాంట్లో రంగూ, సెంటూ కలిసి వుండవచ్చు. సానమీద ఇంట్లో అరగదీసిన గంధమయితేనే వాడండి, లేకపోతే మానెయ్యండి.

ఇక పటిక. పూర్వం క్షురకుడు ఇంటికే వచ్చి అరుగుమీద కూర్చోబెట్టి పని చేసే రోజుల్లో అతని పొదిలో కత్తీ, సానరాయీ, తోలుపట్టీతోపాటు పటిక ముక్క వుండి తీరేది. ఈనాటికీ సెలూన్లలో అద్దం ముందు కనిపిస్తుంది. అది పనిచేసే తీరు ఇల్లాళ్ళకు చెబితే చిటికెలో అర్థమవుతుంది. వానాకాలంలో శారదా నదికి కొత్తనీరు వస్తుంది. ఆ బురదనీళ్ళ బిందెలో పటిక నాలుగుసార్లు తిప్పితే మడ్డి అంతా ముద్దకట్టి అడుగుకు దిగుతుంది కదా? గాటుమీద రాసినప్పుడు కూడా నెత్తురులోని మాంసకృత్తులు అలాగే ముద్దకట్టి సన్నటి మూతలాగా పడతాయి. నెత్తురు ఆగుతుంది. చర్మం కాస్త ముడుచుకుంటుంది. కనుక చిన్న గాటుకు పటిక మంచిదే. కాని ముఖమంతా రుద్దుకుని అలాగే వదిలేస్తే, ముడుచుకున్న చర్మం పొడిబారి పెచ్చులు కడుతుంది. తడిముఖంమీద ఒకసారి తేలికగా ఆడించి, అర నిమిషం ఆగి, చన్నీళ్ళతో కడిగెయ్యాలి. పటికతో పని ముగిసిపోదు. తడి నిలిపే పూత దాని తరువాత వుండాలి.

సీసాల సంగతికి వద్దాం. ఇంట్లోనే యెవరి గడ్డం వాళ్ళు గీసుకోవడం అనే అలవాటు లోకమంతటా పెరిగింది సేఫ్టీ రేజరు వచ్చాక. అమెరికాలో కింగ్ కాంప్ జిల్లెట్ 1901లో కంపెనీ పెట్టి, 1904లో పేటెంటు పుచ్చుకున్నాడు. కత్తి ఇంటికి వచ్చాక, దాని వెనుకే సువాసనల నీళ్ళు వచ్చాయి. మనవాళ్ళకు బాగా తెలిసిన ఓల్డ్ స్పైస్ మగవాళ్ళకోసం అమ్మకానికి వచ్చింది 1938లో. ఇటువంటి లోషన్లలో యెక్కువ భాగం ఆల్కహాలు. దానికి తోడు సువాసన, కొన్నిటిలో పుదీనానుంచి వచ్చే మెంథాల్.

వీటిని చరుచుకుంటే ఒక్కసారి చురుక్కుమని, వెంటనే చల్లబడుతుంది. ఆ చురుకే మందు గుణమని చాలామంది నమ్మకం. మంట పుట్టకపోతే డబ్బు దండగ అయిందనుకునేవాళ్ళు కూడా వున్నారు! అసలు సంగతి వేరు. మన చర్మంలో వేడిని పసిగట్టే నాడులు వున్నాయి. మిరపకాయ కారానికి మోగేవి కూడా అవే. సుమారు 42, 43 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగిలితేనే అవి మామూలుగా మోగుతాయి. ఆల్కహాలు తగిలినప్పుడు 34 డిగ్రీల దగ్గరే మోగడం మొదలుపెడతాయి. అంటే మన వొంటి వేడే మనకు నిప్పులాగా తోస్తుందన్నమాట. ఆ సోదరి "కారం రాసినట్టు" అన్నమాట యెంత సరిగ్గా అన్నారో చూడండి. ఇక మెంథాల్ చేసేది దీనికి తిరకాసు. చల్లదనాన్ని పసిగట్టే నాడిని అది మీట నొక్కినట్టు నొక్కుతుంది. చర్మం చల్లబడనక్కరలేదు, చల్లబడినట్టు అనిపిస్తే చాలు. వేడి, చలవల నాడుల రహస్యం వెదికి పట్టుకున్నందుకే డేవిడ్ జూలియస్ అనే శాస్త్రజ్ఞుడికి 2021లో నోబెల్ బహుమానంలో భాగం వచ్చింది.

ఆల్కహాలు సూక్ష్మజీవులను కొంత చంపుతుంది, అది నిజమే. అయితే పోతూపోతూ చర్మంలోని తడిని, జిడ్డును కూడా పట్టుకుపోతుంది. జిడ్డు ముఖం వున్న కుర్రవాడు వారానికి రెండుసార్లు వాడితే పెద్ద నష్టం రాకపోవచ్చు. పొడిముఖం వున్నవాళ్ళు, నలభై దాటినవాళ్ళు, రోజూ గీసుకునేవాళ్ళు వాటి జోలికి పోకపోవడమే మంచిది. సువాసన కావాలంటే చొక్కాకు రాసుకోండి. చెంప దాన్ని అడగలేదు.

మరి యేం చెయ్యాలి? మంట తగ్గించే పని గడ్డం గీసుకున్న తరువాత కాదు, గీసుకోవడానికి ముందే మొదలవుతుంది.

యెండు వెంట్రుక రాగి తీగలాగా గట్టిగా వుంటుంది. రెండు మూడు నిమిషాలు గోరువెచ్చని నీళ్ళు తగిలితే నీరు పీల్చుకుని మెత్తబడుతుంది. అందుకని స్నానం చేశాక గీసుకోవడం మేలు. మన యిళ్ళల్లో గడ్డం గీసుకున్నాకనే స్నానం చెయ్యాలన్న ఆచారం వున్నది కదా అంటారేమో. ఆచారం తప్పనక్కరలేదు. వేడినీళ్ళలో ముంచి పిండిన తువ్వాలును ముఖంమీద రెండు నిమిషాలు కప్పుకుంటే సరిపోతుంది. తరువాత నురుగు బాగా పట్టించి, ఇంకొక నిమిషం ఆగాలి. మన మగవాళ్ళకు లేనిది ఆ నిమిషమే!

బ్లేడు విషయంలో పొదుపు పనికిరాదు. వెంట్రుక ఉక్కుకంటే సుమారు యాభై రెట్లు మెత్తన. అంత మెత్తనిది ఉక్కును యెలా మొద్దుబారుస్తుందో తేల్చడానికి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు సూక్ష్మదర్శినికింద బ్లేడు పెట్టి చూశారు. వెంట్రుక కొన్ని కోణాలలో తగిలినప్పుడు బ్లేడు అంచు అరగడం కాదు, చిన్న చిన్న పెచ్చులుగా లేచిపోతుందని 2020లో ప్రకటించారు. అంటే పాత బ్లేడు మొద్దు కత్తి మాత్రమే కాదు, రంపం. అయిదారు గడ్డాలకు మించి ఒక బ్లేడును వాడకండి. వాడాక కడిగి, నీళ్ళు దులిపి, పొడిగా పెట్టండి. స్నానాలగది గూట్లో తడిలో పడేస్తే తుప్పు పట్టడానికి సముద్రపు గాలి వుండనే వున్నది.

వెంట్రుక యెటువైపు పెరుగుతుందో వేళ్ళతో తడిమి చూసి అటువైపే గీసుకోవాలి. మెడమీద ఒక్కొక్కచోట ఒక్కొక్క దిక్కుకు పెరుగుతాయి. పొక్కులు అక్కడే యెక్కువ రావడానికి అదే కారణం. యెదురు గీసి, చర్మం సాగదీసి, చెయ్యి పెడితే జారిపోయేటంత నున్నగా చేసుకున్నామంటే తెగిన వెంట్రుక మొన చర్మంలోపలికి పోతుంది. మర్నాడు పైకి వచ్చే దారిలేక లోపలే పక్కకు పొడుచుకుంటుంది. రింగుల జుట్టు వున్నవాళ్ళకు ఇది మరీ యెక్కువ. వాటిని చీముపొక్కులనుకుని గోళ్ళతో గిల్లుతారు, మచ్చలు పడతాయి. ఇలాంటి వారికి నా సలహా ఒక్కటే: ఒక నెల రోజులు బ్లేడు మానెయ్యండి, లేదా కొద్దిగా మొదళ్ళు వుండేటట్టు మరతో కత్తిరించుకోండి. నున్నటి గడ్డం వుద్యోగ నియమావళిలో యెక్కడా లేదు. వున్నచోట డాక్టరు చీటీ చూపించవచ్చు.

గీసుకోవడం అయ్యాక చన్నీళ్ళతో సబ్బు అంటూ లేకుండా కడగాలి. మెత్తటి తువ్వాలుతో అద్దుకోవాలిగాని రుద్దుకోకూడదు. పూర్తిగా ఆరనివ్వవద్దు. ముఖం కొంచెం చెమ్మగా వుండగానే, రెండు మూడు నిమిషాలలోపల, పూత రాయాలి. చెమ్మమీద రాసిన పూత ఆ చెమ్మను లోపలే కట్టేస్తుంది. ఆరిన ముఖంమీద రాస్తే కట్టెయ్యడానికి అక్కడ యేమీ మిగలదు.

యే పూత? అన్నిటికన్నా చవకగా, ఇంట్లో సులభంగా అయ్యేది గ్లిజరిను, పన్నీరు. పన్నీరంటే పెళ్ళిళ్ళలో చిలకరించే గులాబీనీరు సుమా, కూరలో వేసే పనీరు కాదు! గ్లిజరిను తడిని పట్టి వుంచే గుణం కలది. 1779లో షీలే అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆలివు నూనెనుంచి తీశాడు, తియ్యగా వుంటుంది. బెల్లం దిమ్మ వర్షాకాలం గాలిలో తడి లాగి చెమర్చడం అనకాపల్లివారికి కొత్త కాదు. గ్లిజరిను కూడా అటువంటిదే. అయితే వట్టి గ్లిజరిను చిక్కగా ముఖానికి పూసుకోకూడదు. జిగురుగా వుండి దుమ్మంతా అంటుకోవడమేగాక, పొడిగాలి రోజుల్లో బయట తడి దొరక్క చర్మంలోని తడినే పైకి లాగుతుంది. ఒక చెంచాడు గ్లిజరినుకు నాలుగయిదు చెంచాల పన్నీరు, లేదా కాచి చల్లార్చిన నీరు కలపాలి. శుభ్రమైన చిన్న సీసాలో పోసి, చల్లనిచోట పెట్టుకుని, వారంలో వాడెయ్యాలి. ఆపైన మిగిలితే పారబోసి మళ్ళీ కలుపుకోండి. గ్లిజరిను మందుల దుకాణంలోనే కొనాలి, సీసామీద ఐ.పి. అని అచ్చువేసి వుండాలి. డబ్బాలలో వచ్చే గ్లిజరిను యంత్రాలకో, అద్దకాలకో కావచ్చు. పన్నీరు పడక దురద పుట్టే ముఖాలు కొన్ని వున్నాయి. వాళ్ళకు నీరే మేలు.

కొనదలచినవారు ఆల్కహాలూ, సువాసనా లేని పల్చటి మాయిశ్చరైజరు యేదైనా కొనుక్కోవచ్చు. మగవాళ్ళకు వేరే, ఆడవాళ్ళకు వేరే అని రెండు రంగుల సీసాల్లో అమ్ముతారు. ధర తేడా వుంటుందిగాని చర్మానికి ఆ తేడా తెలియదు. భార్య సీసాలోది వాడుకుంటే పరువు యేమీ పోదు.

కొబ్బరినూనె సంగతి చాలామంది అడుగుతారు. తడిని ఆవిరి కానివ్వకుండా మూతవేసే గుణం దానికి వున్న మాట నిజం. డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి గీసుకుని పడుకునేవాళ్ళు రెండే రెండు చుక్కలు చేతులకు రాసుకుని తడిముఖంమీద అద్దుకోవచ్చు. కాని మన కోస్తా వేసవిలో, గాలిలోనే అంత చెమ్మ వున్న రోజుల్లో, నూనె రాసుకుని యెండలోకి పోతే చెమట, జిడ్డు, దుమ్ము కలిసి రోమకూపాలు మూసుకుపోతాయి. మొటిమల ముఖానికి అసలే పనికిరాదు. కలబంద మంచిది, మట్టను కోసి నిలబెట్టి, ముందు కారే పచ్చటి పాలను పూర్తిగా పోనిచ్చి, లోపలి తెల్లటి గుజ్జు మాత్రమే వాడాలి. ఆ పచ్చపాలు తగిలితే దురద. మీగడ వద్దు. పసుపు వల్ల మేలుకంటే చొక్కా కాలరుకు రంగు ఖాయం.

ఖచ్చితంగా వద్దన్నది నిమ్మచెక్క. గీసిన గడ్డంమీద నిమ్మచెక్క రుద్దుకుంటే క్రిములు చస్తాయని చెప్పేవాళ్ళు వున్నారు. పులుపు మాట అలా వుంచండి. నిమ్మరసం తగిలిన చర్మానికి యెండ తగిలితే బొబ్బలు లేచి, నల్లమచ్చలు నెలల తరబడి వుండిపోతాయి. రోజంతా యార్డులో నిలబడేవారికి ఇంతకంటే చేటు లేదు.

ఇక్కడే ఒక చిన్న ముచ్చట. ఈ మధ్య కుర్రకారు గ్లైకోలిక్ ఆసిడ్ అనే సీసా ఒకటి కొంటున్నారు. ముఖంమీద పాత పొరను తీసేస్తుందని ప్రచారం. ఈ ఆమ్లం చెరకులో సహజంగా వున్నది. 1913 నుంచీ చెరకు పరిశోధన జరుగుతున్న అనకాపల్లిలో దీనిమీద మోజు పుడితే ఆశ్చర్యం లేదు. కాని సీసాలోది ప్రధానంగా కర్మాగారంలో రసాయనాలనుంచి చేసిందే. చెరకు బొమ్మ అట్టమీద అలంకారం. దానికి కొన్ని మంచి వుపయోగాలు లేకపోలేదు. అయితే కత్తి అప్పటికే తీసేసిన పొరను ఆమ్లంతో ఇంకా తియ్యడం యేం తెలివి? గడ్డం గీసుకున్న రోజున దాన్ని ముట్టుకోకండి. బెల్లంపొడితో ముఖం రుద్దుకోమన్న సలహా కూడా విన్నాను. బెల్లం నోటికే బాగుంటుంది.

సెలూనుకు వెళ్ళేవాళ్ళకు మరొక జాగ్రత్త, ఇది మంటకంటే పెద్దది. పటిక ముక్క గురించి పైన మెచ్చుకున్నాను. కాని నలుగురి గాట్లమీదా తిరిగిన పటిక ముక్క నాలుగు ఇళ్ళ నెత్తురు చూసినట్టే. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వైరస్ వొంటి బయట కనీసం ఏడు రోజులు చావకుండా వుండగలదు. కంటికి కనిపించనంత నెత్తురు చాలు అది అంటుకోవడానికి. కత్తికి కొత్త బ్లేడు తొడిగించుకోవడం ఇప్పుడు అందరికీ అలవాటయింది, సంతోషమే. తొడిగేది మీ కళ్ళముందేనా చూసుకోండి. పటిక ముక్క, తువ్వాలు, నురుగు బ్రష్షు మాత్రం అందరికీ ఒకటే అయితే ఆ కొత్త బ్లేడు సగమే కాపాడుతుంది. పది రూపాయల పటిక ముక్క, ఒక చేతి తువ్వాలు జేబులో వేసుకుని వెళితే మీ క్షురకుడు యేమీ అనుకోడు. అనేకమంది గడ్డాలు చేసే అతనికే అందరికన్నా యెక్కువ అపాయం. హెపటైటిస్-బి కి టీకా వున్నది, మూడు మోతాదులు. పెద్దవాళ్ళలో చాలామంది వేయించుకోలేదు. ఇంట్లో కూడా తండ్రి రేజరు కొడుకు వాడడం, భార్య వాడడం ఈ కారణంచేతనే తగదు.

సరే, ఇప్పుడు ఆ ట్యూబు.

సోదరీ, మీ వారు రాస్తున్న ట్యూబు అట్టమీద సన్నటి అక్షరాలు భూతద్దం పెట్టి అయినా చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లుయోసినొలోన్ - వీటిలో యే పేరయినా కనిపిస్తే అది క్రీము కాదు, స్టీరాయిడ్ మందు. పక్కన ఇంకో రెండు మూడు మందుల పేర్లు కూడా కలిపి వుండవచ్చు. దురదకు, తామరకు, మొటిమలకు అన్నిటికీ ఒకటే అని అమ్మే రకం. స్టీరాయిడ్ చెడ్డ మందు కాదు. తగిన జబ్బుకు, తగినన్ని రోజులకు, డాక్టరు రాసి ఇస్తే ప్రాణం లేచివచ్చినట్టు వుంటుంది. కాని అది మంటకు కారణాన్ని తియ్యదు. మంట పుట్టించే శక్తిని నొక్కిపెడుతుంది. అందుకే రాసిన రోజున బుగ్గలు చంటిపిల్లవాడి బుగ్గలు. నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం నానాటికీ పల్చబడుతుంది. పల్చబడిన చర్మంకింద రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. మీరు చూస్తున్న యెర్రటి దారాలు అవే కావచ్చునని నా భయం. యెండ పడదు, సబ్బు పడదు, కత్తి అసలే పడదు. మానితే మంట రెట్టింపు కావడం కూడా దాని లక్షణమే. ఆ రెట్టింపును చూసి జబ్బు ముదిరిందనుకుని మళ్ళీ రాస్తారు.

ఇది మీ ఇంటి సంగతే కాదు. తెలుపు వస్తుందని ఆడపిల్లలు, పొక్కులు పోతాయని మగపిల్లలు ఇదే రకం ట్యూబులు రాసి ముఖం పాడుచేసుకోవడం దేశమంతటా వున్నది. చర్మవైద్యులు యేళ్ళ తరబడి మొత్తుకున్నాక, 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పూతమందులు అనేకం డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదని వుత్తర్వు చేసింది. చీటీ అడగకుండా ఇచ్చే దుకాణాలు యెన్ని వున్నాయో మీకే తెలుసు.

అలాగని ఈ జవాబు చదవగానే ట్యూబు తీసి పారెయ్యకండి. ఆరు నెలలు రాసినదాన్ని ఒక్కసారి ఆపితే ముఖం వుడికినట్టు యెర్రబడి, వాచి, చీముపొక్కులు లేవవచ్చు. యెలా తగ్గించాలో, దాని బదులు యేం రాయాలో చర్మవైద్యుడే చెప్పాలి. ట్యూబును జేబులో వేసుకుని వెళ్ళండి. పేరు చెబితే చాలదు, చూపించాలి. విశాఖపట్నం మీకు గంటన్నర ప్రయాణం. అక్కడి కింగ్ జార్జి ఆస్పత్రిలో చర్మవ్యాధుల విభాగం వున్నది. ఒక రోజు జీతం పోతుందని వారు వాయిదా వేస్తే మీరు వూరుకోవద్దు. చర్మం కుదుటపడడానికి కొన్ని వారాలు, ఒక్కొక్కరికి కొన్ని నెలలు పడుతుంది. ఆ మధ్యలో బ్లేడు బంద్. గడ్డం పెరిగితే యార్డులో నవ్వుతారేమోనని వారికి మొహమాటమైతే, మొక్కు వున్నదని చెప్పమనండి. మన ప్రాంతంలో దానికి యెదురు ప్రశ్న వెయ్యరు. యెండలోకి పోయేటప్పుడు గొడుగో, తలపాగా చెంగో ముఖానికి అడ్డం వుండాలి. మధుమేహం వున్నదేమో కూడా ఒకసారి పరీక్ష చేయించండి; చీముపొక్కులు మాటిమాటికి వచ్చేవాళ్ళలో అది బయటపడడం కద్దు.

చోడవరం నుంచి ఒక తల్లి: మీ అబ్బాయికి పదిహేడేళ్ళు, నూనూగు మీసాలు గీస్తే వెంట్రుకలు మొద్దుగా వస్తాయేమోనని భయపడుతున్నారు. ఆ భయం వద్దు. 1928లోనే మిల్‌డ్రెడ్ ట్రాటర్ అనే శాస్త్రజ్ఞురాలు మనుషులచేత గీయించి, కొలిచి చూసి, గీయడంవల్ల వెంట్రుక లావెక్కదని తేల్చింది. తెగిన మొన మొండిగా వుండడంవల్ల చేతికి గరుకుగా తగులుతుంది, అంతే. మొటిమలు వున్నచోట కత్తి తగలనివ్వకుండా, వాళ్ళ నాన్నగారిని పక్కన నిలబడి మొదటి రెండుసార్లు చూపించమనండి. రేజరు మాత్రం అబ్బాయికి వేరే కొనండి.